తూష్ణీమేకాంతమాశ్రిత్య

వీర వానరలోకస్య సర్వశాస్త్రవిదాం వర
తూష్ణీమేకాంతమాశ్రిత్య హనుమన్ కిం న జల్పసి

వానరలోకంలో వీరుడా, శాస్త్రాలన్నీ తెలిసినవాళ్లలో మేటీ, ఓ పక్కన ఒక్కడివే మౌనంగా ఉండి ఏమీ మాట్లాడవేం హనుమా, అని జాంబవంతుడు అడుగుతున్నాడు.

సాఫ్ట్‌వేర్ రిలీజ్ దగ్గరపడితే సుందరకాండ పారాయణ మొదలుపెట్టే ప్రొడక్ట్ మేనేజర్లు నాకు చాలామంది తెలుసు. నేనూ చేస్తాను. కానీ అందరం పుస్తకం తెరిచి నేరుగా సుందరకాండ మొదటి శ్లోకం ‘తతో రావణనీతాయాః’ దగ్గరికి వెళ్లిపోతాం. దానికి ముందు పేజీ, అంటే కిష్కింధకాండ చివర, ఎవరూ తిప్పరు. హనుమ ఎగరడం అందరికీ కావాలి. ఎగరడానికి ముందు ఆయన ఓ పక్కన ఒక్కడే మాట్లాడకుండా కూర్చున్నాడన్న సంగతి ఎవరికీ పట్టదు. ఒక టీమ్‌ను నడిపేవాళ్లు కూడా ఈ పేజీ దాటేస్తే నాకు కష్టంగా ఉంటుంది. మన పని మొత్తం అక్కడే ఉంది మరి.

ఆ రోజు సముద్రం ఒడ్డున వానరుల పరిస్థితి ఏమిటో గుర్తు తెచ్చుకోండి. సుగ్రీవుడు నెల రోజులు గడువిచ్చాడు, దాటితే ప్రాణాలు తీస్తానన్నాడు. దారి తప్పి చిక్కుకున్న బిలంలోనే గడువు దాటిపోయింది. ఆ భయం వాళ్లచేత పని చేయించిందా? లేదు. తిండి మానేసి చనిపోదామని ప్రాయోపవేశానికి కూర్చోబెట్టింది. సంపాతి చెప్పాక సీతమ్మ ఎక్కడుందో తెలిసింది కానీ, మధ్యలో 100 యోజనాల నీళ్లు. ఎవరెంత దూరం దూకగలరని అంగదుడు అడిగితే గజుడు 10 అన్నాడు, గవాక్షుడు 20 అన్నాడు, అలా పెరుగుతూ పోయి జాంబవంతుడు 90 అన్నాడు. అంగదుడు 100 వెళ్లగలను, తిరిగి రాగలనో లేదో చెప్పలేనన్నాడు. పది అన్నవాణ్ని ఒక్కరూ చిన్నచూపు చూడలేదు, గమనించండి. ఉన్నది ఉన్నట్టు చెప్పారు కాబట్టే ఎవరి దగ్గరికి వెళ్లాలో జాంబవంతుడికి తెలిసింది.

జాంబవంతుడు రాజు కాడు, ఆ దండుకు నాయకుడూ కాడు. నాయకుడు అంగదుడు. ప్రొడక్ట్ మేనేజర్ కూడా చాలాచోట్ల ఇంతే. డెవలపర్ల జీతం, ప్రమోషన్ మన చేతిలో ఉండవు. ఆజ్ఞాపించే అధికారం లేనివాడికి మిగిలేది జ్ఞాపకం ఒక్కటే. ఎవరు ఎప్పుడు ఏం చేశారో గుర్తుపెట్టుకుని, వాళ్లు మరచిపోయిన రోజున వాళ్లకు చెప్పగలగాలి. ‘యదా తే స్మార్యతే కీర్తిః తదా తే వర్ధతే బలం’, నీ కీర్తిని ఎవరైనా గుర్తుచేసినప్పుడు నీ బలం పెరుగుతుంది, అని ఉత్తరకాండలో, తన బలం తనకే తెలియకుండా పోవాలని హనుమకు ఋషులిచ్చిన శాపమే దారి చూపిస్తుంది. శాపం హనుమకు, పని మాత్రం పక్కనున్నవాళ్లకు!

ఇక జాంబవంతుడు ఏం గుర్తుచేశాడో చూడండి. నువ్వు గొప్పవాడివి, చేయగలవు అని ఊరుకోలేదు. పసివాడిగా ఉన్నప్పుడు సూర్యుణ్ని పండనుకుని 300 యోజనాలు పైకెళ్లావన్నాడు. ముందున్న సముద్రం 100. లెక్క ఎదురుగా పెట్టాడు. అక్కడితో ఆగకుండా పడిపోవడం కూడా చెప్పాడు. సూర్యతేజం వెనక్కి నెట్టినా ‘న విషాదం గతస్తతః’, దిగులుపడలేదన్నాడు. ఇంద్రుడి వజ్రం తగిలి ఎడమ దవడ విరిగిందని, హనుమంతుడన్న పేరు దానివల్లే వచ్చిందని చెప్పాడు. దెబ్బను దాచకుండా చెప్పిన పొగడ్త కాబట్టి వినేవాడు నమ్మాడు. ఈ ఒక్క చోట నేను ఎన్నిసార్లు ఆగానో లెక్కలేదు.

నాకు ఇది చదివి అర్థమైంది కాదు, తప్పు చేశాక అర్థమైంది. ఒకసారి మా రిలీజ్ రెండుసార్లు వాయిదా పడింది. నేను మీటింగ్‌లో అరగంట సేపు తేదీలు, గ్రాఫులు చూపించాను. అందరూ తలలు దించుకున్నారు. ఒక కుర్రాడైతే కొన్ని వారాలుగా నోరే విప్పడం లేదు. అంతకుముందు అతను చేసిన ఒక మార్పు వల్ల సిస్టమ్ కొన్ని గంటలు ఆగిపోయింది, అప్పటినుంచి అంతే. మర్నాడు తెల్లవారుజామున పారాయణకు ముందు ఆ పేజీ తిప్పి ‘తూష్ణీమేకాంతమాశ్రిత్య’ దగ్గరికి రాగానే గొంతు పట్టేసింది. ఇన్ని రోజులు ఎదురుగా ఉన్నవాణ్ని చూడలేదే అనిపించింది.

ఆ రోజు అతని పక్కన కూర్చుని, “డేటా మార్చే పని అందరం వదిలేస్తే, పాత కోడ్ మొత్తం చదివి దారి కనిపెట్టింది నువ్వే, గుర్తుందా?” అన్నాను. “ఏదోలెండి” అన్నాడు. “సిస్టమ్ ఆగినరోజు కూడా, నా మార్పు వల్లేనని అందరికంటే ముందు నువ్వే చెప్పావు. అలా చెప్పకపోతే మేం ఇంకా వెతుకుతూ ఉండేవాళ్లం” అన్నాను. అతని కళ్లు తడిశాయి. రెండు రోజుల తర్వాత కష్టమైన భాగం తానే తీసుకుంటానని మీటింగ్‌లో చెప్పాడు.

మాటతో లేపడం సగమే. కిష్కింధకాండ 67వ సర్గలో జాంబవంతుడు ఇంకో మాట అంటాడు.

స్థాస్యామశ్చైకపాదేన యావదాగమనం తవ
త్వద్గతాని చ సర్వేషాం జీవితాని వనౌకసాం

నువ్వు తిరిగొచ్చేదాకా మేమంతా ఒంటికాలిపై నిలబడి ఉంటాం, మా అందరి ప్రాణాలూ నీమీదే ఉన్నాయి అని. తేదీ తప్పితే మనం టీమ్‌పై ఒంటికాలిమీద లేస్తాం. ఆ పెద్దాయన ఒంటికాలిమీద నిలబడతానన్నాడు. అది తపస్సు చేసేవాళ్లు నిలబడే తీరు. పని అప్పజెప్పి వేరే మీటింగ్‌కు వెళ్లిపోకండి, బాబూ! గంటగంటకూ “ఎంతవరకు వచ్చింది?” అని మెసేజ్ పెట్టకండి. పైవాళ్ల ఫోన్లు మీరు తీసుకోండి. కొత్త కోరికలు వాళ్ల దాకా పోకుండా మీ దగ్గరే ఆపండి. టెస్టింగ్‌లో చేయగలిగింది మీరే చేయండి. వాళ్లు మేలుకుని ఉన్న రాత్రి మీరూ మేలుకోండి.

హనుమ తిరిగి వస్తూ చేసిన నాదం విని, పని అయ్యే వస్తున్నాడని అందరికీ చెప్పింది జాంబవంతుడే. హనుమ దిగాక, జరిగిందంతా చెప్పమని అడిగిందీ జాంబవంతుడే. ఆ కథ హనుమ నోటితోనే అందరూ విన్నారు. మా రిలీజ్ అయ్యాక పెద్దవాళ్ల ముందు డెమో నన్నే ఇమ్మన్నారు. నేను వెనక వరసలో కూర్చున్నాను. ఆ కుర్రాడు నలభై నిమిషాలు మాట్లాడాడు.