ట్రాంబోన్ కొనబోతే నా ఊపిరికి వంక పెట్టారు

నిన్న సాయంత్రమే కొత్త ట్రాంబోన్ నా చేతికొచ్చింది. స్లైడ్ అనే గొట్టాన్ని ముందుకూ వెనక్కూ జరిపి స్వరాలు మార్చే ఇత్తడి వాయిద్యం ఇది. మూడు నెలల వెతుకులాట అయిపోయింది. మధ్యలో జరిగిన ఒక అవమానం మాత్రం ఇంకా మండుతూనే ఉంది, అది చల్లారకముందే రాసేస్తున్నాను.

ఆరేళ్లుగా నేను ఊదుతున్నది యమహా వైఎస్‌ఎల్-354. బోర్, అంటే గొట్టం లోపలి వ్యాసం, 12.7 మిల్లీమీటర్లు. ట్రిగ్గర్ (ఎడమ బొటనవేలితో నొక్కితే అదనపు గొట్టాన్ని కలిపే మీట) లేదు. నేర్చుకునేవాళ్లకు అంతకన్నా నమ్మకమైన వాయిద్యం నాకు తెలీదు. మా బృందంలో రెండో ట్రాంబోన్ భాగం నాకు ఇచ్చాక కష్టాలు మొదలయ్యాయి. కింది సి స్వరం కావాలంటే స్లైడ్‌ని ఆరో పొజిషన్ దాకా చాపాలి, దాని కింది బి కి చివరిదైన ఏడో పొజిషన్ దాకా. నా చేతులు పొట్టివి. అంత దూరం సాచేసరికి భుజం ముందుకు పోతుంది, పెదాల దగ్గర పట్టు సడలుతుంది. ఎఫ్ ట్రిగ్గర్ ఉంటే ఆ సి మొదటి పొజిషన్లోనే పలుకుతుంది, బి రెండో పొజిషన్ కంటే కాస్త కింద దొరుకుతుంది. కాబట్టి ట్రిగ్గర్ ఉన్నదే కొనాలని ఒక్క రోజులో తేల్చుకున్నాను.

నా మౌత్‌పీస్ (పెదాలు ఆనించి ఊదే ముక్క) జేబులో వేసుకుని ఒక పెద్ద షాపుకి వెళ్లాను. ట్రిగ్గర్ ఉన్న పెద్ద బోర్ వాయిద్యం చూపించమంటే అక్కడి సేల్స్‌మ్యాన్ ఒకటి తీసిచ్చాడు. బోర్ 0.547 అంగుళాలు, అంటే 13.9 మిల్లీమీటర్లు. మౌత్‌పీస్ పెడితే లోపలికి మరీ దిగిపోయింది, పైగా కదులుతోంది.

"ఇది వదులుగా ఉందండీ" అన్నాను.

"గట్టిగా నొక్కండి మేడమ్, అదే పడుతుంది."

నొక్కాను, ఊదాను. స్వరం కన్నా గాలే ఎక్కువ వచ్చింది. మధ్య బి ఫ్లాట్ నిలవలేదు. పై ఎఫ్ పగిలిపోయింది. మళ్లీ ప్రయత్నించాను, ఇంకా ఘోరం. షాపులో ఉన్న ఐదారుగురు మాటలు ఆపి నావైపే చూస్తున్నారు. అప్పుడతను అందరికీ వినబడేలా అన్నాడు: "పెద్ద బోర్‌కి ఆడవాళ్ల ఊపిరి చాలదు మేడమ్. మీ పాతదే నయం." అంతటితో ఆగలేదు. పక్కనున్న కుర్రాడికి అదే వాయిద్యం ఇచ్చి ఊదమన్నాడు. ఆ అబ్బాయి తన మౌత్‌పీస్ పెట్టి హాయిగా ఊదాడు. నేను థాంక్స్ కూడా చెప్పకుండా బయటికొచ్చేశాను.

రెండు వారాలు పిచ్చిదానిలా సాధన చేశాను. పొద్దున్నే అరగంట దీర్ఘ స్వరాలు, తర్వాత శ్వాస వ్యాయామాలు. లోపం నాలోనే ఉందని నమ్మేశాను. చివరికి మా బృందంలో బాస్ ట్రాంబోన్ వాయించే పెద్దాయనకు చెప్పుకున్నాను. ఆయన నా మాట పూర్తికాకముందే, "ఏ మౌత్‌పీస్ పెట్టావమ్మా?" అన్నారు. నాది, తనది పక్కపక్కన పెట్టి చూపించారు. షాంక్ అంటే మౌత్‌పీస్‌లో వాయిద్యం లోపలికి దిగే తోక. నాది స్మాల్ షాంక్, పెద్ద బోర్ వాయిద్యాలకు కావాల్సింది లార్జ్ షాంక్. చివర్ల మధ్య మిల్లీమీటరు పైనే తేడా. నాది అందులో బిగుసుకోదు, పక్కల నుంచి గాలి పోతుంది, శ్రుతి చెదిరిపోతుంది. ఎవరు ఊదినా అంతే.

వాయిద్యాలు అమ్ముకుని బతికేవాడికి ఇది తెలియాలి. తెలియకపోతే అడగాలి. ఆ రెండూ చేయకుండా ఎదుటి మనిషి ఊపిరి కొలిచే హక్కు ఎవరిచ్చారు? పదేళ్ల పిల్ల ఎవరైనా ఆ మాట విని ఉంటే వాయించడమే మానేసేది. షాంక్ సంగతి అడగకుండా మీ గురించి తీర్పు చెప్పేవాళ్ల దగ్గర ఏమీ కొనకండి.

తర్వాతదంతా సులువే. లార్జ్ షాంక్ మౌత్‌పీస్ ఒకటి అరువు తెచ్చుకుని వేరే చోటికి వెళ్లాను. పెద్ద బోర్ వాటన్నిటికీ అదే మౌత్‌పీస్, సంగీతంలో అవే నాలుగు వరుసలు, ఎదురుగా శ్రుతి చూపే ట్యూనర్. వెంట వచ్చిన స్నేహితురాలిని గోడవైపు తిరిగి వినమన్నాను. మొదటి పొజిషన్లో మధ్య డి శ్రుతి సహజంగానే కాస్త తగ్గుతుంది. ఏ వాయిద్యంలో ఎంత తగ్గుతోందో రాసుకున్నాను. ట్రిగ్గర్ నొక్కి ఒకసారి, నొక్కకుండా ఆరో పొజిషన్లో ఒకసారి అదే సి ఊది, రెండూ ఒకే గొంతులా ఉన్నాయా అని చూసుకున్నాను.

బాక్ 42బి బోర్ కూడా 0.547 అంగుళాలే. దాని స్వరానికి గట్టి నడుము ఉంది. ఎంత బిగ్గరగా ఊదినా చెదరలేదు. కానీ మెల్లగా మొదలుపెట్టడానికి నేను కష్టపడాల్సి వచ్చింది. కాన్ 88హెచ్ బోర్ కూడా అంతే, అయితే బెల్ (ముందు విచ్చుకున్న భాగం) రాగి ఎక్కువున్న రోజ్ బ్రాస్. గుసగుసలా ఊదినా వెంటనే పలికింది. బిగ్గరగా ఊదితే స్వరం అంచు తొందరగా మెరుస్తుంది, అది నాకిష్టం. కింగ్ 3బి కూడా చూశాను, బోర్ 0.508 అంగుళాలు. నా పాత మౌత్‌పీస్ అందులో సరిగ్గా కూర్చుంది. జాజ్ వాయించేవాళ్లు దాన్ని ఎందుకంత ఇష్టపడతారో రెండు నిమిషాల్లో అర్థమైంది. ట్రిగ్గర్ లేదు కాబట్టి మనసు చంపుకుని కింద పెట్టాను. ఎవరో వాడి అమ్మకానికి పెట్టినది ఇంకొకటి ఉంది. స్లైడ్ నిలువుగా పట్టుకుని వదిలితే సగంలో ఆగిపోయింది. ఇక ఊదలేదు.

గోడవైపు తిరిగి విన్న స్నేహితురాలు మూడుసార్లూ 88హెచ్‌నే ఎంచుకుంది. నేనూ దాన్నే తీసుకున్నాను.

ఎడమ మణికట్టుకి బరువు తెలుస్తోంది. ట్రిగ్గర్ నొక్కితే స్లైడ్‌కి ఆరు పొజిషన్లే, వాటి మధ్య దూరాలూ వేరు. మళ్లీ మొదటి నుంచి నేర్చుకుంటున్నాను. ఈ పొద్దున కింది సి ని మొదటి పొజిషన్లో పట్టి, ఒక్క ఊపిరితో ముప్పై లెక్కలు నిలిపాను.