హనుమకొండలో గీసిన విశాఖ హార్బర్

బడులు తెరవకముందే నా హార్బర్ బొమ్మ పూర్తయింది. పదహారు ఇంటూ ఇరవై అంగుళాల కాన్వాస్, ఐదు నెలల పని. హనుమకొండలో లెక్కలు చెప్పుకునే టీచర్‌కి పడవల బొమ్మ ఎందుకని ఇంట్లో అందరూ అడిగారు. సంక్రాంతి సెలవులకు గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో విశాఖ, మా చెల్లెలింటికి వెళ్లాను. తెల్లవారుజామున ఫిషింగ్ హార్బర్‌లో పడవలు పక్కలకు పాత టైర్లు కట్టుకుని, ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి. ఆ దృశ్యం నన్ను వదల్లేదు.

కాన్వాస్, ఆయిల్ రంగుల ట్యూబులు, వాటిలో కలిపే లిన్సీడ్ ఆయిల్ (అవిసె నూనె) తేలిగ్గానే దొరికాయి. రంగును పలుచన చేసే టర్పెంటైన్ మాత్రం ఆర్టిస్టులదే కొనండి. గోడ రంగుల షాపాయన ‘ఇదీ అదే మేడం’ అని అంటగట్టిన సీసా వాసనకు రెండు రోజులు తల పగిలిపోయింది. కింది పొర టర్పెంటైన్‌తో పలుచగా, పై పొరల్లో నూనె ఎక్కువగా ఉండాలి. తారుమారైతే పగుళ్లొస్తాయి. ఆకాశం రెండు సాయంత్రాల్లో అయిపోయింది.

నీళ్ల దగ్గరే ఆగిపోయాను. ట్రేసింగ్ పేపర్ మీద పడవను దించి, తిరగేసి కింద గీశాను. ఎంత దిద్దినా పడవ నీళ్లల్లో దిగలేదు. నేర్చుకుందామని ఒక వేసవి క్లాసులో చేరాను. మిగతా అందరూ పిల్లలే. అక్కడి సార్ నా కాన్వాస్ ఎత్తి అందరికీ చూపించి, ‘ఏంది మేడం, పడవలు గోడకు అతికించినట్టున్నయి?’ అన్నారు. పిల్లలు నవ్వారు. వాళ్లలో ఇద్దరు నా దగ్గర చదివినవాళ్లే. ఎందుకలా వచ్చింది సార్ అంటే జవాబు లేదు. నా కుంచె లాక్కుని, ‘గిట్ల లాగెయ్యాలె’ అని నీళ్లంతటా నాలుగు అడ్డగీతలు లాగారు. ఇరవై రెండేళ్లుగా పాఠం చెబుతున్నాను. కారణం చెప్పకుండా ఏ పిల్ల నోట్‌బుక్‌లోనూ నేను గీత కొట్టలేదు. ఫీజు పోతే పోయిందని మర్నాటి నుంచి మానేశాను.

ఆ రాత్రి వంటింట్లో నల్ల ట్రేలో నీళ్లు పోసి అగ్గిపెట్టె తేలించాను. పై నుంచి చూస్తే పెట్టె పైభాగం, నా వైపు పక్క రెండూ కనిపిస్తున్నాయి. నీళ్లల్లో మాత్రం పక్క ఒక్కటే ఉంది, పైభాగం లేదు! నా కన్ను నీటికి ఎంత పైన ఉందో అంత కింద ఇంకో కన్ను ఉన్నట్టు. ఆ కంటికి ఏది కనిపిస్తుందో అదే ప్రతిబింబం. నేనేమో డెక్ మీది వలలను కూడా తలకిందులుగా గీశాను. పెట్టెకు అగ్గిపుల్ల గుచ్చి నా వైపు వంచితే, పుల్ల పొట్టిగా, నీళ్లల్లో దాని ప్రతిబింబం పొడుగ్గా కనిపించింది. అర్ధరాత్రి దాకా వంచుతూనే కూర్చున్నాను.

సార్ లాగిన గీతల రంగును నైఫ్‌తో గీకేశాను. నీళ్లల్లో డెక్ తీసేసి, టైర్ల కింది అంచులు, పడవ ముక్కు అడుగు గీశాను. తెల్ల రంగును నీళ్లల్లో కాస్త మసకగా, నల్లదాన్ని కాస్త తేలికగా వేశాను. మూడో రోజుకి పడవ కూర్చుంది. ఆ పని నేనే కనిపెట్టి చేశాను, ఎవరూ నేర్పలేదు.

ఇప్పుడు పై గదిలో గోడకు ఆనించి ఉంచాను. నూనె గాలి పీల్చుకుంటూ నెమ్మదిగా గట్టిపడుతుంది కాబట్టి వార్నిష్ డిసెంబరులోనే. చూడటానికి చెల్లెలు సంక్రాంతికి వస్తానంది.