నాటిన మొక్కకు మూడో వేసవి

అనంతపురంలో వీధి చెట్టును ఊరికి అలంకారంగా చూడటం నాకు సమ్మతం కాదు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో సరిపెట్టుకునే ఈ నేల మీద, వేసవిలో 40 డిగ్రీలు దాటే ఎండలో బస్సు కోసం నిలబడేవారికీ, తోపుడుబండి మీద పండ్లు అమ్ముకునేవారికీ తాగునీరు ఎంత అవసరమో నీడా అంతే అవసరం. 74వ రాజ్యాంగ సవరణతో వచ్చిన 12వ షెడ్యూలు పట్టణ వనీకరణను, పార్కులను, ఆటస్థలాలను పురపాలక సంస్థలకు అప్పగించదగిన పనుల్లో చేర్చింది కూడా.

వనమహోత్సవం జూలైలో జరుగుతుంది, కానీ మాకు వానలు ఎక్కువగా పడేది సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో. అందుకే మొక్కలు నాటడం ఆగస్టు చివరికి జరిపి, ఆ తరువాత వచ్చే మూడు వేసవులూ పాదులు తవ్వి, ఎండుటాకులు కప్పి, ట్యాంకరు నీళ్లు క్రమం తప్పక పోయించాలి. ఎన్ని నాటామన్నది కాక, మూడో వేసవి దాటి ఎన్ని బతికాయన్నది లెక్క చెప్పాలి.

బతికిన చెట్టుకు అసలు గండం సిమెంటు. రోడ్డు వేసేటప్పుడు కాండం మొదలు వరకూ కాంక్రీటు పోస్తే వాన నీరూ గాలీ వేళ్లకు అందవు. పైకి పచ్చగానే కనిపించే చెట్టు లోలోపల నీరసించి, ఒక గాలివానకు కూలిపోతుంది. ఢిల్లీలో చెట్ల చుట్టూ మీటరు మేర కాంక్రీటు తొలగించాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లోనే ఆదేశించింది. ఆ మీటరు నేలను వదిలిపెట్టాలన్న షరతును ఇక్కడి రోడ్డు పనుల టెండర్లలోనూ రాయాలి. కరెంటు తీగల కింద వేపను, రావిని నాటి, ఏటా ఒకవైపు కొమ్మలన్నీ నరికించే బదులు అక్కడ పారిజాతం, గన్నేరు వంటి పొట్టి జాతులను పెట్టి, తీగలు లేని వైపు కానుగ, చింత, వేప కలిపి నాటడం మేలు. 2021లో తెగులు సోకి వేపచెట్ల కొమ్మలు మాడిపోవడం చూసినవారెవరూ వీధంతా ఒకే జాతి నాటమని చెప్పరు.

పార్కుల విషయంలో నా కోరిక చిన్నది. నడకకు వచ్చేవారి కోసం ఉదయం, సాయంత్రం తెరిచి మధ్యాహ్నం తాళం వేస్తే, నీడ ఎక్కువగా కావలసిన కూలీలు, వృద్ధులు బయటే ఉండిపోతారు. వేసవి మూడు నెలలైనా గేట్లు పగలంతా తెరిచి, కుళాయిలో నీళ్లు ఉండేలా చూడాలి. ఓపెన్ జిమ్ పరికరాలను ఎండలో కాక చెట్ల కింద బిగించాలి. కాలే ఇనుమును పగటి పూట ఎవరూ ముట్టుకోలేరు.