కేబినెట్‌లో దుమ్ము: ఐదు నెలల చిట్టా

1వ రోజు

మూడేళ్లుగా మూత తీయని కంప్యూటర్ కేబినెట్‌ని ఇవాళ తెరిచాను. ఈమధ్య వీడియో రెండర్ పెడితే ఫ్యాన్లు హోరెత్తుతున్నాయి, పది నిమిషాలు దాటేసరికి ప్రాసెసర్ తన వేగం తానే తగ్గించేసుకుంటోంది. విప్పకముందే అంకెలు రాసి పెట్టుకున్నాను. అవి లేకపోతే తర్వాత ఏ పని వల్ల ఎంత మారిందో చెప్పలేం. గది 29 డిగ్రీలు. ప్రాసెసర్‌కి పూర్తి పని అప్పగించి పావుగంట ఉంచితే 95 డిగ్రీలు, అంటే దాని హద్దు. గ్రాఫిక్స్ కార్డు 83. గది వేడి రోజుకోలా ఉంటుంది కాబట్టి ఇకపై గది కంటే ఎంత ఎక్కువో అదే రాస్తాను: ఇవాళ ప్రాసెసర్ 66, కార్డు 54.

వైరు పీకి, పవర్ బటన్‌ని పది సెకన్లు నొక్కి పట్టుకుని, కేబినెట్‌ని బాల్కనీలోకి మోసుకొచ్చాను. ముక్కుకి మాస్క్, చేతిలో బ్లోయర్, మెత్తటి పెయింటింగ్ కుంచె, ట్వీజర్. మధ్యమధ్యలో కేబినెట్ ఇనప చట్రాన్ని ముట్టుకుంటూ పని చేశాను, ఒంటిమీద చేరిన స్టాటిక్ (రాపిడికి పుట్టే విద్యుత్తు) బోర్డు మీదికి దూకకుండా. వాక్యూమ్ క్లీనర్‌ని లోపలికి రానివ్వలేదు. దాని ప్లాస్టిక్ మూతిలోంచి దుమ్ము రాసుకుంటూ పోయేటప్పుడు అక్కడే స్టాటిక్ పుడుతుంది. బయటి జాలీలకైతే దాన్నే వాడాను.

బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కని వేలితో ఆపి పట్టుకోవాలి. వదిలేస్తే అది తన హద్దు దాటి గిర్రున తిరిగి బేరింగ్ దెబ్బతింటుంది. పైగా అలా తిరిగే మోటారు జనరేటర్‌లా పనిచేసి వైరు గుండా బోర్డులోకి కరెంటు పంపగలదు. గాలి డబ్బా వాడేవాళ్లు దాన్ని నిలువుగానే పట్టుకోవాలి, వంచితే లోపలి ద్రవం చల్లగా బోర్డు మీద పడుతుంది.

పైపైన చూస్తే పెద్ద దుమ్మేం లేదనిపించింది. ప్రాసెసర్ కూలర్‌కున్న తీగ క్లిప్పులు విప్పి ఫ్యాన్ పక్కకు తీశాక విషయం తెలిసింది. ఫ్యాన్‌కీ, ప్రాసెసర్ వేడిని లాగేసే లోహపు దిమ్మె అయిన హీట్‌సింక్ రేకులకీ మధ్య నూలు పోగులు, వెంట్రుకలు, ధూళి కలిసి కంబళి ముక్కలా అట్టకట్టాయి. ట్వీజర్‌తో ఒక మూల పట్టి లాగితే అరచేతంత ముక్క ఒక్కటిగా ఊడి వచ్చింది. ఫ్యాన్ విప్పకుండా పైనుంచి గాలి కొట్టి ఉంటే ఆ అట్ట రేకుల మధ్యకి ఇంకా లోతుగా దూరేది. ఓపిక ఒక్క పనికే ఉన్నవాళ్లకి నేను చెప్పేది ఇదే, ఆ ఫ్యాన్ విప్పండి.

ఎస్‌ఎంపీఎస్‌ని, అంటే కంప్యూటర్‌కి కరెంటు అందించే పెట్టెని తెరవలేదు, ఎవరూ తెరవకూడదు. వైరు పీకాక కూడా లోపలి కెపాసిటర్లలో ప్రాణం మీదికి తెచ్చేంత కరెంటు నిలిచి ఉండొచ్చు. బయటి జాలీలోంచి నాలుగు దఫాలు గాలి కొట్టి వదిలేశాను.

ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య వేడిని దాటించే పూత, థర్మల్ పేస్ట్, దాని జోలికి కావాలనే పోలేదు. దుమ్ము ఒక్కటే తీస్తే ఎంత తేడా వస్తుందో చూడాలని. సాయంత్రానికి లెక్క: ప్రాసెసర్ గది కంటే 50 ఎక్కువ, కార్డు 46. దుమ్ము ఒక్కటే 16 డిగ్రీలు తినేసిందన్నమాట. ఫ్యాన్ల హోరు కూడా సగానికి సగం తగ్గినట్టుంది.

12వ రోజు

శుభ్రం చేయడం ఒక పూట పని, అది అయిపోయింది. దుమ్ము మళ్లీ చేరకుండా ఎలా ఆపాలన్నది ఇప్పుడు నా బుర్ర తొలుస్తోంది.

ప్రస్తుతం ఉన్న అమరిక ఇదీ. ముందు వైపు 120 మిల్లీమీటర్ల ఫ్యాన్లు రెండు, గాలిని లోపలికి తెస్తాయి, వాటి ముందు సన్నటి జాలీ ఫిల్టర్. వెనక 120ది ఒకటి, పైకప్పులో 140వి రెండు, ఈ మూడూ బయటికి పంపుతాయి. పైకప్పువి కేబినెట్‌తో రాలేదు. వేడి గాలి పైకే పోతుంది కదా అని నేనే తర్వాత బిగించాను.

ముందు జాలీ కళ్లు కాస్త పెద్దవనిపించి, దానిమీద స్టాకింగ్ గుడ్డ రెండు పొరలు సాగదీసి కట్టాను. ఫలితం కంటికి తెలియాలి కాబట్టి నల్ల చార్ట్ కాగితాన్ని అగ్గిపెట్టెంత ముక్కలు రెండు కత్తిరించి, రెండు వైపులా అంటుకునే టేపుతో లోపల నేలమీద గట్టిగా అంటించాను. ఒకటి ముందు ఫ్యాన్ల వెనక, ఇంకొకటి వెనకవైపు కార్డు స్లాట్ల కింద. వదులుగా పెడితే ఎగిరి ఫ్యాన్‌లో పడుతుంది.

6వ వారం

ఇవాళ మూత తీసి చూసి కాసేపు అలాగే కూర్చుండిపోయాను. ముందున్న కాగితం దాదాపు నల్లగానే ఉంది. వెనకది బూడిద చల్లినట్టు తెల్లబడింది. గుడ్డ కట్టకముందు మూడేళ్లలో చేరినదాన్ని బట్టి చూసినా, ఆరు వారాలకి ఇది చాలా ఎక్కువ. గ్రాఫిక్స్ కార్డు కింద ఖాళీ స్లాట్లకి ఉండే ఇనప పట్టీల లోపలి అంచుల వెంట గీత గీసినట్టు దుమ్ము పేరుకుంది. దుమ్ము వస్తున్న దారి ఆ గీతలోనే కనిపించింది.

పరీక్షకి టిష్యూ కాగితాన్ని రెండు వేళ్ల పొడవున సన్నటి పీలికగా చింపి, ఒక కొసని మాత్రం టేపుతో అంటించి, నడుస్తున్న కేబినెట్ బయట ప్రతి సందు దగ్గరా పట్టి చూశాను. స్లాట్ పట్టీల దగ్గర పీలిక లోపలికి అతుక్కుపోయింది. పక్క మూత కీలు దగ్గర, యూఎస్‌బీ పోర్టుల చుట్టూ, వెనక వైర్ల రంధ్రం దగ్గర కూడా అంతే. ఈ పనికి పొగ పెట్టి చూసేవాళ్లూ ఉన్నారు. పొగలోని జిడ్డు రెక్కలకి అంటుకుంటే దుమ్ముకి అది బంకే అవుతుంది కాబట్టి నాకు కాగితమే నచ్చింది.

కారణం కూడికలూ తీసివేతలంత సులువు. కేబినెట్‌లోంచి ఎంత గాలి బయటికి పోతుందో అంత గాలి లోపలికి వచ్చి తీరాలి. వెనక ఒకటి, పైన రెండు పెద్ద ఫ్యాన్లు తోడేస్తుంటే, ముందున్న రెండు చిన్నవి, అదీ జాలీ వెనక నుంచి, అంత ఇవ్వలేవు. తక్కువ పడ్డ గాలి ఎక్కడ సందు దొరికితే అక్కడి నుంచి వస్తుంది. ఆ సందులకి ఫిల్టర్ ఉండదు. నేను కట్టిన గుడ్డ ముందు దారిని ఇంకా ఇరుకు చేసి, గాలిని వెనక సందుల వైపు మళ్లించింది. దుమ్ము ఆపాలని కట్టిన గుడ్డే దుమ్ముకి దారి చూపింది. ఫ్యాన్ పెట్టె మీద నిమిషానికి ఇంత గాలి అని రాసే అంకెని నమ్మి లెక్కేసుకుంటే కూడా ఇదే జరుగుతుంది, అది ఏ అడ్డూ లేనప్పటి అంకె.

7వ వారం

గుడ్డ తీసేశాను. పైకప్పులోని 140 ఫ్యాన్లు రెండింటినీ విప్పి ముందు 120ల స్థానంలో పెట్టాను. వెనక 120ది ఒక్కటే బయటికి. ఖాళీ అయిన పైకప్పు జాలీని, కొలతకి కత్తిరించిన అయస్కాంత షీటుతో మూశాను. గాలి ఎటు పోతుందో చాలా ఫ్యాన్ల చట్రం మీద బాణం గుర్తు ఉంటుంది. లేకపోతే మోటారుని పట్టి ఉంచే కమ్మీలు ఏ వైపు ఉన్నాయో చూడండి, గాలి బయటికి వచ్చేది ఆ వైపే.

వేగాలు బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ కాగానే తెరుచుకోగల మదర్‌బోర్డు సెట్టింగుల్లో) సరిచేశాను. ముందువి మామూలు పనిలో 800 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు), వెనకది 600. ఇక్కడ ఒక మెలిక ఉంది. నాలుగు పిన్నుల ఫ్యాన్‌కి పీడబ్ల్యూఎం మోడ్ (విడి సిగ్నల్‌తో వేగం మార్చేది), మూడు పిన్నులదానికి డీసీ మోడ్ (వోల్టేజీ మార్చి వేగం మార్చేది) ఎంచుకోవాలి. మూడు పిన్నుల ఫ్యాన్ మీద పీడబ్ల్యూఎం పెడితే వేగం తగ్గకుండా ఎప్పుడూ పూర్తిగానే తిరుగుతుంది. అలాంటి ఫ్యాన్ వెనక ఉంటే తూకం మళ్లీ మొదటికే వస్తుంది.

టిష్యూ పీలికతో మళ్లీ చుట్టూ తిరిగాను. ఈసారి ప్రతి సందు దగ్గరా పీలిక బయటికి రెపరెపలాడింది. సందులన్నిటికీ టేపు వేద్దామని తెచ్చి పెట్టుకున్నాను గానీ అవసరం తీరిపోయింది. గాలి బయటికి పోతున్నంతకాలం ఆ సందులు దుమ్మును రానివ్వవు, వేడిని కూడా కొంత మోసుకుపోతాయి. ఎస్‌ఎంపీఎస్ సంగతి వేరు. నా కేబినెట్‌లో అది కింద నుంచి తన గాలి తాను పీల్చి వెనక నుంచి వదులుతుంది, ఈ లెక్కలోకి రాదు. దాని కింద జాలీ మాత్రం విడిగా చూసుకోవాలి.

వేడి లెక్క: ప్రాసెసర్ 52, కార్డు 42. పైకప్పు ఫ్యాన్లు పోయినందుకు ప్రాసెసర్ రెండు డిగ్రీలు పెరిగింది, ముందు నుంచి చల్లగాలి సూటిగా తగులుతున్నందుకు కార్డు నాలుగు తగ్గింది. ఈ బేరానికి నేను సంతోషంగా ఒప్పుకుంటాను.

8వ వారం

కేబినెట్‌ని నేల మీద నుంచి తీసి బల్ల మీదికి ఎక్కించాను. నడిచినప్పుడల్లా లేచే నూలూ వెంట్రుకలూ నేలకి దగ్గరగానే దొర్లుతుంటాయి. గోడకి వెనక జానెడు ఖాళీ వదిలాను.

11వ వారం

ఆరు వారాలకి బదులు నాలుగే అయినా ఆగలేక మూత తీశాను. కొత్త కాగితాలు రెండూ నల్లగానే ఉన్నాయి, వేలితో రాస్తే తప్ప తెలియనంత ధూళి. స్లాట్ల దగ్గర గీత లేదు. ఈ సంతోషం మాటల్లో చెప్పడం కష్టం.

అయితే ముందు ఫ్యాన్ల రెక్కల అంచుల మీద సన్నటి బూడిద గీత ఉంది. జాలీ సన్న ధూళిని ఆపలేదు, దాని కళ్లకంటే ధూళి రేణువులు ఎన్నో రెట్లు చిన్నవి. అది ఆపేది నూలునీ వెంట్రుకలనీ. నా హీట్‌సింక్‌ని మూసేసిన ఆ కంబళికి అల్లిక అవే, సన్న ధూళి వాటిలో చిక్కుకునే నిలుస్తుంది. అల్లిక లోపలికి రాకుండా ఆగితే రేకుల మధ్య ఆ అట్ట అంత తొందరగా కట్టదు.

ఇంకో ఆలోచన వచ్చింది. వచ్చే ప్రతి లీటరు గాలీ తన వంతు ధూళి తెస్తుంది. అవసరానికి మించి గాలి తోడితే ఆ మేరకు ధూళి కూడా ఎక్కువ. ముందు ఫ్యాన్లని 800 నుంచి 650కి, వెనకదాన్ని 480కి దించాను. ప్రాసెసర్ ఒక్క డిగ్రీ పెరిగింది, కార్డులో తేడా లేదు. పీలిక ఇంకా బయటికే. రాత్రిపూట ఊరికే నడిపే అలవాటు మానేసి స్లీప్‌లో పెడుతున్నాను, ఫ్యాన్లు ఆగితే పీల్చేదే ఉండదు.

16వ వారం

పీలికని ఇప్పుడు శాశ్వతంగా స్లాట్ పట్టీ పక్కన అంటించి ఉంచాను. రోజూ అటు చూడటం అలవాటైంది. ఈ వారం అది మునుపటిలా రెపరెపలాడకుండా నిటారుగా వేలాడుతోంది. వేడి అంకెల్లో మాత్రం చెప్పుకోదగ్గ మార్పు లేదు, ప్రాసెసర్ 53, కార్డు 43.

ఏం జరుగుతోందో ముందు జాలీ తీసి చూస్తే అర్థమైంది. మూడు వంతులు మూసుకుపోయింది. జాలీ మూసుకుపోతే ముందు నుంచి గాలి తగ్గుతుంది, వెనక ఫ్యాన్ తోడేది తగ్గదు. ఇంకో వారం రెండు వారాలు వదిలేసి ఉంటే పీలిక లోపలికి తిరిగేది, దుమ్ము మళ్లీ వెనక సందుల దారి పట్టేది. వేడి పెరిగాక జాలీ కడుగుదాంలే అనుకునేవాళ్లకి ఇదే చెప్పాలని నా తపన, అప్పటికే ఆలస్యం. అంకెల కంటే ముందు పీలిక చెబుతుంది.

కడగడం సులువే. ఫ్యాన్ వైపున్న శుభ్రమైన ముఖం మీద కుళాయి నీళ్లు పట్టాలి, దుమ్ము వచ్చిన దారినే వెనక్కి పోతుంది. ముందు ముఖం మీద పడితే కళ్లలోకి ఇంకా దిగుతుంది. జిడ్డు ఉంటే కాస్త సబ్బు నీళ్లు. తర్వాత దులిపి, నీడలో ఒక రోజంతా ఆరబెట్టాను, ఎండలో పెడితే ప్లాస్టిక్ చట్రం వంకర పోవచ్చు. తడి ఉండగా బిగిస్తే దుమ్ము దానికే ముద్దగా అంటుకుంటుంది, నీటి తుంపర లోపలికీ పోవచ్చు. ఆ రోజంతా కంప్యూటర్ ఆన్ చేయలేదు.

21వ వారం

జాలీ బిగించిన మరుక్షణం నుంచి పీలిక మళ్లీ బయటికి ఎగురుతోంది. ఐదు వారాలైంది, ఇంకా అలాగే ఉంది.

ఇవాళ ప్రాసెసర్ కూలర్ ఫ్యాన్‌ని మళ్లీ విప్పి చూశాను. రేకుల మధ్య వెలుతురు అవతలి వైపు దాకా కనిపిస్తోంది. కుంచెతో రెండుసార్లు దులిపితే చాలింది, బ్లోయర్ తీయాల్సిన పని పడలేదు. తర్వాతి కాగితాల జతని ఎస్‌ఎంపీఎస్ కింది జాలీ దగ్గర పెడుతున్నాను, ఆ మూల ఇంకా లెక్కలోకి తీసుకోలేదు.