‘దౌ’ తెలిస్తే ‘మీరు’ తేలిక

విదేశాల్లో పెరిగే పిల్లలు వీడియో కాల్‌లో తాతయ్యను "మీరు తిన్నావా?" అని అడిగేస్తారు. మర్యాద తెలియక కాదు. ఇంట్లో అమ్మానాన్నలు వాళ్లతో ‘నువ్వు’ అనే మాట్లాడతారు కాబట్టి చెవిన పడేవన్నీ ‘తిన్నావు, వచ్చావు’లే. పైగా బడిలో టీచరుకైనా స్నేహితుడికైనా ఒకటే ‘యు’. "రెండెందుకు?" అని అడిగితే, ఇంగ్లిష్‌లోనూ ఒకప్పుడు రెండుండేవని చెప్పండి.

అప్పట్లో ఎదుట ఒక్కరైతే ‘దౌ’ (thou), ఎక్కువమందైతే ‘యీ’ (ye). ఈ ‘యీ’కి కర్మగా వచ్చే రూపమే ‘యు’. అంటే ‘యు’ పుట్టుకతో బహువచనం, అచ్చం మన ‘మీరు’లాగే. 13వ శతాబ్దం నుంచి ఫ్రెంచివాళ్ల పద్ధతి చూసి, పెద్దవాళ్లు ఒక్కరే ఉన్నా బహువచనంలో పిలవడం మొదలైంది. ఎవర్ని ‘దౌ’ అంటే ఏం తంటానో అని జనం అందరికీ ‘యు’ వాడేశారు. 1603లో ఇంగ్లండ్‌లో పేరున్న నావికుడు వాల్టర్ రాలీ మీద రాజద్రోహం విచారణ జరిగినప్పుడు ప్రభుత్వ న్యాయవాది ఎడ్వర్డ్ కోక్ అతణ్ణి కావాలనే ‘దౌ’ అన్నాడు, నిండు కోర్టులో ‘ఒరేయ్’ అన్నట్టు. క్వేకర్లనే క్రైస్తవ శాఖవాళ్లేమో మనుషులంతా సమానమని జడ్జీలను కూడా ఏకవచనంలో పిలిచి చీవాట్లు తిన్నారు. పిల్లలకు బాగా నచ్చే ముక్క ఇదే.

‘దౌ’ అంటే మహా గౌరవమని చాలామంది పొరపడతారు. 1611 నాటి ఇంగ్లిష్ అనువాదం కింగ్ జేమ్స్ బైబిల్‌లో దేవుణ్ణి అలా పిలవడమే కారణం. నిజానికి అది ఏకవచనం, అంతే. మన పద్యాల్లోనూ దేవుడు ‘నీవే’గా!

ఇక సాధన. ‘దౌ’ వస్తే క్రియ కూడా మారేది: ‘యు హ్యావ్’, కానీ ‘దౌ హ్యాస్ట్’. తెలుగులోనూ అసలు కీలకం క్రియ చివర్లోనే ఉంది, ‘-వు’, ‘-రు’. చాలామంది ముందు ‘మీరు’ అనే మాట నేర్పుతారు. ‘మీరు తిన్నావా’ పుట్టేది అక్కడే. సర్వనామాన్ని పక్కన పెట్టండి, తెలుగులో అది లేకపోయినా వాక్యం నిలుస్తుంది. "తిన్నారా? పడుకున్నారా? ఎలా ఉన్నారు?" ఈ మూడూ కాల్‌కు ముందు రెండేసి సార్లు అనిపించండి. అవి నోట నిలిచాక రండి, కూర్చోండి, చెప్పండి, ఇవ్వండి. ‘మీరు’ చివర్న చేర్చండి.

అమ్మమ్మను ‘నువ్వు’ అనే ఇళ్లు బోలెడు, అది చనువు. అలాంటి ఇంట్లో బలవంతంగా మార్చకండి. ఎవరికి ఏది అన్నది మాత్రం ముందే తేల్చి చెప్పండి. ‘తాతయ్య వచ్చాడు’ అన్న తప్పుకు మాత్రం ‘దౌ’ సాయపడదు. ఇంగ్లిష్‌లో వాడు, అతను, ఆయన, అందరూ ‘హీ’యే. దానికి వేరే పాఠం కావాలి.