గ్రాఫు సార్ అడిగిన ప్రశ్న

మన మెడికల్ కాలేజీ బ్యాచ్ కలయిక సంచికకి వ్యాసం కావాలని కమిటీ నుంచి మెసేజ్ వచ్చి మూడు వారాలైంది. "రెండు పేజీలు చాలు. నీ ఉద్యోగం గురించి కూడా రాయి, మన బ్యాచ్‌లో పైలట్ల డాక్టర్‌వి నువ్వొక్కడివే" అని మన రోల్ లిస్టులో 14వ నంబరు ఫోన్ చేసి మరీ చెప్పాడు. రాద్దామని కూర్చున్న ప్రతిసారీ గ్రాఫు సార్ క్లాసు దగ్గరే ఆగిపోతున్నాను. కప్ప కిటికీలోంచి దూకిన రోజు, తాళం చెవి పోయిన రాత్రి, బొంగరం మైకు వదలని సాయంత్రం, ఇవన్నీ ఎలాగూ మీలో ఎవరో ఒకరు రాస్తారు. నేను సార్ గురించే రాస్తాను.

మధ్యాహ్నం రెండు గంటల ఫిజియాలజీ క్లాసు, అంటే శరీరం ఎలా పనిచేస్తుందో చెప్పే పాఠం. సార్ సుద్దముక్క బోర్డు మీంచి ఎత్తకుండా ఒకే గీత గీశారు. కింద మొదలై, నిటారుగా లేచి, పైకి చేరాక బల్లపరుపుగా సాగిపోయే గీత. రక్తం ఆక్సిజన్‌ని పట్టుకునే తీరు అది. బల్లపరుపు భాగం మీద వేలు పెట్టి అన్నారు: "ఇక్కడ ఉన్నంతసేపూ మీకు భయం లేదు. రక్తంలో ఆక్సిజన్ పీడనం 100 మిల్లీమీటర్ల నుంచి 60కి పడినా, రక్తం ఇంకా 90 శాతం నిండే ఉంటుంది. 60 దాటి కిందికి వచ్చారా, ఇక జారుడుబండే." వేలు ఆ గీత వెంట జర్రున కిందికి జారింది. చొక్కా కఫ్ నిండా సుద్దపొడి.

అప్పుడే ఆ ప్రశ్న. "యుద్ధవిమానం పైపైకి పోతోంది. పైలట్ మాస్క్ ఊడిపోయింది. ముందు ఏది పట్టు తప్పుతుంది? గుండెనా, మెదడా?"

క్లాసంతా గుండె అన్నాం. 31వ నంబరు ఒక్కతే లేచి మెదడు అంది. ఎందుకని అడిగితే చెప్పలేక కూర్చుండిపోయింది. సార్ అవుననలేదు, కాదనలేదు. బోర్డు కుడివైపు పైమూల ఆ ప్రశ్న రాసి, చుట్టూ గడి గీసి, దాన్ని తుడవొద్దన్నారు. టర్మ్ అయ్యేదాకా అటెండర్ ఆ గడి ఒక్కటీ వదిలేసి చుట్టూ తుడిచేవాడు. గుర్తుందా?

ఆ నెలంతా సార్ ఏ పాఠం చెప్పినా ఆ గడి దగ్గరికే వచ్చి ఆగేవారు. విమానం ఎంత ఎత్తుకి వెళ్ళినా గాలిలో ఆక్సిజన్ వాటా 21 శాతమే, అది మారదు, దాన్ని ఊపిరితిత్తుల్లోంచి రక్తంలోకి నెట్టే బలమే తగ్గిపోతుందని చెప్పారు. 18,000 అడుగుల దగ్గర గాలి పీడనం నేల మీద ఉన్నదాంట్లో సగం. పైన ఆక్సిజన్ ఉండదు కదండీ అని ఇప్పటికీ చదువుకున్నవాళ్ళే నన్ను అడుగుతుంటారు. అడిగిన ప్రతివాళ్ళకీ సార్ మాటే చెబుతాను: ఉంటుంది, లోపలికి రాదు.

గుండె గురించి చెప్పిన రోజు మాత్రం సార్ గొంతు మారింది. శరీరం మొత్తం మీద చూస్తే, రక్తం తెచ్చిన ఆక్సిజన్‌లో నాలుగో వంతు వాడుకుని మిగతాది తిరిగి పంపేస్తుంది. ఆ మిగిలిందే కష్టకాలానికి నిల్వ. గుండె కండరానికి ఆ నిల్వ లేదు. ఊరికే కూర్చున్నప్పుడే తన దగ్గరికి వచ్చినదాంట్లో నాలుగింట మూడు వంతులకి దగ్గరగా లాగేసుకుంటుంది. "కాబట్టి కష్టం వచ్చిన రోజున ఇంకా లాగుదామంటే మిగలదు. దానికి ఉన్నది ఒకటే దారి, ఎక్కువ రక్తం తెప్పించుకోవడం. గుండెకే రక్తం తెచ్చే కరోనరీ ధమనులు వెడల్పు కావాలి. అవి వెడల్పు కాలేకపోతే?" అని ఆగి మమ్మల్ని చూశారు. ఆ చూపు నాకు ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది.

1875లో జెనిత్ అనే బెలూన్‌లో ముగ్గురు ఎనిమిది వేల మీటర్లు దాటి వెళ్ళిన కథ కూడా అప్పుడే చెప్పారు. క్రోసే-స్పినెల్లి, సివెల్ పైనే చనిపోయారు. తిసాందియే ఒక్కడే బతికి దిగాడు. ఆక్సిజన్ సంచులు వాళ్ళ దగ్గరే ఉన్నాయి. అందుకుని పీల్చే శక్తి మాత్రం చేతులకి లేకుండా పోయింది. పైగా వాళ్ళకి బాధ తెలియలేదు, హాయిగా అనిపించిందట. సార్ అది చెప్పి చాలాసేపు కిటికీలోంచి చూస్తూ నిలబడ్డారు. మనం తాతయ్య అని పిలిచేవాడు కూడా ఆ రోజు చప్పుడు చెయ్యలేదు.

తర్వాత పరీక్షలు, పోస్టింగులు, ఇంటర్న్‌షిప్ ఎలా గడిచాయో విడిగా ఒక్క రోజూ గుర్తు లేదు. వైమానిక దళంలో చేరాను. ఏవియేషన్ మెడిసిన్ చదివాను.

మొదటిసారి ఛాంబర్ ముందు కూర్చున్న రోజు మాత్రం నిమిషం నిమిషం గుర్తుంది. ఉక్కు గది, లోపల బెంచీ, మందపాటి అద్దాల కిటికీలు. గదిలోంచి గాలి తోడేస్తూ పోతే లోపలున్నవాళ్ళు నేల మీద ఉండగానే ఆకాశం ఎక్కేసినట్టు. కీళ్ళల్లో నైట్రోజన్ బుడగలు కట్టకుండా ముందు అరగంట స్వచ్ఛమైన ఆక్సిజన్ పీల్పిస్తాం. ఆ తర్వాత 25,000 అడుగులు. అక్కడ మాస్క్ తీస్తే తెలివిగా పనిచేసే సమయం మూడు నుంచి ఐదు నిమిషాలు. అదే 35,000 అడుగులైతే అర నిమిషం నుంచి నిమిషం.

కుర్ర పైలట్ మాస్క్ తీశాడు. 100 నుంచి 7 చొప్పున తీసేస్తూ రాయమని కాగితం ఇచ్చాం. వాడి ఈసీజీ బయట నా ముందు స్క్రీన్ మీద నడుస్తోంది. పల్స్ 74 ఉన్నది 90 అయింది, 100 దాటింది, 112కి చేరింది. రక్తంలో ఆక్సిజన్ 98 శాతం నుంచి 60ల్లోకి పడిపోయింది. గోళ్ళు నీలంగా మారాయి. మైకులో ఎలా ఉందని అడిగితే "చాలా బాగుంది సార్" అని నవ్వుతూ బొటనవేలు చూపించాడు. ఇక మాస్క్ పెట్టుకోమన్నాం. విన్నాడు, తలాడించాడు, పెట్టుకోలేదు. పక్కన కూర్చున్న ఇన్‌స్ట్రక్టరే పెట్టాడు. పావు నిమిషంలో ముఖంలోకి రంగు వచ్చింది. గదిలో లైట్లు పెంచారా అని అడిగాడు. ఎవరూ పెంచలేదు, తిరిగి వచ్చింది వాడి చూపు. తర్వాత కాగితం చూసుకుని, "ఇది నేను రాయలేదు" అన్నాడు. 65 దాకా లెక్క సరిగ్గా ఉంది. తర్వాత 58, 58, 58, ఆ కింద అంకె కాని ఒక వంకర గీత.

ఆ మూడు 58లు రాస్తున్నంతసేపూ వాడి గుండె ఒక్క తాళం తప్పలేదు. ఈసీజీలో ప్రతి దెబ్బ చివర వచ్చే టీ తరంగం కాస్త చదునైంది, అంతే. తనకి నిల్వ లేకపోయినా, కరోనరీలు విప్పుకుని, వేగం పెంచి, మెదడుకి రక్తం పంపుతూనే ఉంది. మనిషికి తెలియకముందే మెడలోని కెరోటిడ్ బాడీలనే చిన్న ముద్దలు ఆక్సిజన్ తగ్గిందని పసిగట్టి కబురు పంపుతాయి. ఆ సంగతి కనిపెట్టినందుకే హైమన్స్ అనే శాస్త్రవేత్తకి 1938 నోబెల్ ఇచ్చారు. ఒక్కో దెబ్బకి పంపే రక్తం పెద్దగా పెరగదు, దెబ్బల సంఖ్య పెరుగుతుంది. ఒళ్ళంతా రక్తనాళాలు వదులవుతుంటే ఊపిరితిత్తుల్లో మాత్రం బిగుసుకుంటాయి. ఊపిరితిత్తులకి రక్తం పంపే గుండె గది, కుడి జఠరిక, ఆ బిగువుకి ఎదురు నెట్టాలి. కొండల మీద వారాల తరబడి ఉండేవాళ్ళకి శరీరం సర్దుకునే వ్యవధి ఉంటుంది. 1978లో మెస్నర్, హాబెలర్ అనే పర్వతారోహకులు ఆక్సిజన్ సిలిండర్ లేకుండా ఎవరెస్ట్ ఎక్కగలిగారంటే వాళ్ళకి ఆ వ్యవధి దొరికింది. పైలట్‌కి దొరికేది నిమిషాలు.

నాకు భయం వేసేది వేగం పెరిగే గుండెని చూసి కాదు. కొందరిలో పెరుగుతూ పెరుగుతూ ఉన్న పల్స్ ఉన్నట్టుండి పడిపోతుంది, బీపీ దానితోపాటే. మనిషి పాలిపోయి ఒరిగిపోతాడు. ఒకసారి 108 మీదున్న పల్స్ నాలుగైదు దెబ్బల్లో 50కి దిగింది. ముఖం చూడకముందే, స్క్రీన్ మీద రెండు దెబ్బల మధ్య ఖాళీ చూసి "మాస్క్" అని అరిచాను. లోపలివాళ్ళు పెట్టేశారు, కింద పడలేదు. ఇంకోసారి, ఏ నొప్పీ లేదని చెబుతున్న ఒక సీనియర్ పైలట్ ఈసీజీ నాకు నచ్చక, విమానం నడపడం ఆపించి పరీక్షలకి పంపాను. చాలా కోపం వచ్చింది ఆయనకి. కరోనరీ ఒకటి సన్నబడి ఉందని తేలింది. అవి వెడల్పు కాలేకపోతే అని సార్ ఆగిన చోటు అదే. ఇప్పటికీ ఆయన ఏటా నా పుట్టినరోజుకి ఫోన్ చేస్తాడు.

సార్ రిటైరయ్యాక ఒకసారి మా ఛాంబర్ చూడటానికి వచ్చారు. లోపలికి వస్తానని పట్టుబట్టారు. ఆ వయసులో కుదరదని చెప్పాల్సి వచ్చింది. సార్‌కి కుదరదని చెప్పడం ఎంత కష్టమో మీకు తెలుసు. కిటికీ పక్కన కుర్చీ వేయించుకుని, లోపల మాస్కులు తీసినప్పటి నుంచి పెట్టేదాకా తన మణికట్టు తానే పట్టుకుని లెక్కపెట్టుకుంటూ కూర్చున్నారు. అయ్యాక, ఎప్పటినుంచో డైరీలో దాచుకున్న ఆ మూడు 58ల కాగితం చూపించాను. కళ్ళజోడు పైకి నెట్టి, అంకెల వెంట వేలు కిందికి జరుపుతూ చదివారు. జేబులోంచి పెన్ను తీసి, వంకర గీత కింద ఒక వాక్యం రాసి, సంతకం చేసి ఇచ్చారు.

"31వ నంబరుకి ఆ రోజు మార్కు ఇవ్వాల్సింది."

కాగితం కలయికకి తెస్తున్నాను. 31, ఈసారి మాత్రం డ్యూటీ ఉందని అనకు.