రామెన్ టూర్ మన గోదావరి జిల్లాలో పెడితే

టోక్యోలో రామెన్ టూర్ అని ఒకటుంటుంది, గైడు మనల్ని వెంటబెట్టుకుని ఒకే పూటలో రెండు మూడు షాపులు తిప్పి రామెన్, అంటే పులుసులో వేసిచ్చే నూడుల్స్, తినిపిస్తాడు. దానికి డబ్బులు కట్టి వెళ్ళొచ్చానంటే మా అమలాపురం మావయ్య "సేమ్యా తినడానికి కూడా దారి చూపించేవాడు కావాలా అబ్బాయ్" అన్నాడు.

కావాలండి. చాలా షాపుల్లో తలుపు పక్కనే టికెట్ మెషీను, బటన్ల మీద జపనీస్ అక్షరాలు, ఏం కావాలో ముందే నొక్కి ఆ చీటీ కౌంటర్లో ఇవ్వాలి. పైగా ఊరూరికీ రుచి వేరు. సప్పొరోది మిసో, అంటే పులియబెట్టిన సోయా ముద్ద కలిపిన పులుసు. హకాతాది పంది ఎముకలు గంటల తరబడి మరిగించిన తెల్లటి టొంకొత్సు, సన్నటి నూడుల్స్ అయిపోతే మిగిలిన పులుసులోకి "కాయెదామా" అని అడిగి మళ్ళీ వేయించుకోవచ్చు. (మాంసం తిననివాళ్ళు ముందే చెప్పాలి, పైన ముక్క తీసేస్తే సరిపోదు, పులుసే దాంతో చేస్తారు.) జుర్రుమని చప్పుడు చేస్తూ తిన్నా ఎవరూ ఏమీ అనుకోరు, మా అమ్మ చూస్తే మాత్రం నెత్తిన ఒకటి పడేది.

అయితే గైడు అసలు పని తినిపించడం కాదు, ఆపడం. చిన్న గిన్నెలే ఇప్పిస్తాడు. యోకొహామాలో 1994లో పెట్టిన రామెన్ మ్యూజియంలోనూ అంతే, రకరకాల ఊళ్ళ షాపులు ఒకేచోట, మినీ గిన్నెలు అడిగితే ఇస్తారు.

మనకి మాత్రం సరుకు తక్కువా? పొద్దున్నే అంబాజీపేటలో పనసాకు బుట్టల్లో ఇడ్లీపిండి పోసి ఉడికించిన పొట్టిక్కలు, ఆకు వాసనతో సహా. అక్కణ్ణుంచి రావులపాలెం మీదుగా ఆత్రేయపురం. పూతరేకులు కొనుక్కుని వచ్చేయడం కాదు, మంట మీద బోర్లించిన కుండపై పల్చటి పిండిలో ముంచిన గుడ్డ ఒక్కసారి అలా పరిస్తే కాగితంలా రేకు లేచొస్తుంది, అది నిలబడి చూడాలి. 2023లో జీఐ గుర్తింపు, అంటే ఇది ఈ ఊరి సరుకేనని ఇచ్చే ముద్ర, కూడా వచ్చింది. తర్వాత బొబ్బర్లంక దగ్గర బ్యారేజీ ఎక్కి రాజమండ్రిలో రోజ్ మిల్క్. తాపేశ్వరం కాజా ఇంకో రోజుకి, అన్నీ ఒకేసారి అయ్యే పని కాదు.

చిక్కల్లా మర్యాదతోనే. ఇక్కడ సగం వడ్డించడమంటే అవమానం, "ఇంకొక్కటి వేయించుకోండి, ఆయ్" అని మొదటి మజిలీలోనే కడుపు నింపేస్తారు. అందుకే గైడుగా పరాయి ఊరివాణ్ణి పెట్టాలి, మొహమాటం లేకుండా వద్దనగలిగేవాణ్ణి. దారిలో చుట్టాలుంటే వస్తున్నామని ఫోన్ మాత్రం చెయ్యకండి.